ఎవర్నడిగి కూలుస్తున్నాం?

మా ఇల్లు కూలబోతోందన్న సంగతి ముందు మున్సిపాలిటీకి తెలిసింది. తర్వాత ఇంజినీరుకు. ఆ తర్వాత పాత టేకు దర్వాజలు, దూలాలు కొనుక్కుపోయే ఆసామికి. వాస్తు చూసే పెద్దమనిషికి కూడా తెలిసింది. ముస్లిం ఇంటికి వాస్తు ఏమిటని అడక్కండి. రేపు అమ్మాల్సి వస్తే అందరూ కొనాలి కదా అన్నాడు మా తమ్ముడు. ఇల్లు కట్టకముందే అమ్మకం గురించి ఆలోచించే రోజులివి. అందరికన్నా ఆఖరున తెలిసింది మా ఆపాకు. అదీ వాట్సాప్‌లో. రియాద్ నుంచి తమ్ముడు పంపిన ప్లాను బొమ్మ కింద ఒక్క ముక్క: "ఆపా, పురానా ఘర్ తోడ్ రహే. ఇస్‌సే అచ్ఛా బనాతే." పాత ఇల్లు పడగొడుతున్నాం, ఇంతకన్నా మంచిది కడతాం.

ఆ మెసేజీ నాకూ వచ్చింది. చదివి, బాగుందన్నట్టు బొటనవేలి గుర్తు పెట్టి, డెస్కులో నా పని చూసుకున్నాను. మున్సిపాలిటీ కాగితాల మీద ఇంటి పెద్దకొడుకుగా సంతకం పెట్టింది కూడా నేనే. కాబట్టి ఇది ముద్దాయి రాస్తున్న వ్యాసమే అనుకోండి.

మా ఇల్లు జనగామలో. 240 గజాల జాగా. 1974లో అబ్బా కొనేనాటికే అది పాత ఇల్లు. రాతి పునాది మీద మట్టి గోడలు, రెండడుగుల మందం, పైన డంగుసున్నం పూత. నడి ఎండాకాలంలో కూడా తెల్లవారుజామున దాలాన్‌లో దుప్పటి వెతుక్కోవాల్సి వచ్చేది. మధ్యలో చిన్న సహన్, అందులో చేదబావి, బావి పక్కన జామచెట్టు. గోడల్లో తాఖ్‌లు. ఒక తాఖ్‌లో గలేఫ్ చుట్టిన ఖురాన్, ఇంకోదాంట్లో దీపం, మూడోదాంట్లో అబ్బా కత్తెర్లు, టేపు. అబ్బా దర్జీ. రోడ్డువైపు అర్రే ఆయన దుకాణం.

ఆపా నాకన్నా తొమ్మిదేళ్లు పెద్ద. పదో తరగతితో చదువు ఆపేసి అబ్బా పక్కన కూర్చుని కాజాలు కుట్టేది, గుండీలు వేసేది. రంజాన్ ముందు, దసరా ముందు, పెళ్లిళ్ల రోజుల్లో రాత్రి రెండు దాకా బల్బు కింద తల వంచుకునే ఉండేది. 1987లో గూనపెంకులు తీయించి బెంగుళూరు పెంకులు వేయించారు. ఆ పెంకుల్లో ఆపా కాజాల పైసలెన్నో ఎవరూ రాసిపెట్టలేదు. నా బడి ఫీజుల్లో ఎన్నో కూడా రాయలేదు. మగపిల్లాడు ఇస్తే సంపాదన అంటారు, ఆడపిల్ల ఇస్తే చేదోడు అంటారు. మా ఇంట్లోనూ అంతే అన్నాం. నేను బీఏ చదివి విలేకరినయ్యాను. ముందు ఉర్దూ పత్రికలో, తర్వాత తెలుగు పత్రికలో. తమ్ముడు ఐటీఐ చేసి ఏసీ మెకానిక్‌గా రియాద్ పోయాడు. ఆపా పెళ్లయి ఆలేరు పోయింది. ఆరేళ్ల కింద మా బావ పోయాడు. అక్కడే, అద్దె ఇంట్లో, ఇప్పటికీ మిషన్ తొక్కుతోంది.

తమ్ముడిది ఆశ అని తీసిపారేయడం తేలిక. నేను కూడా మొదట అట్లాగే అనుకున్నాను. పాత ఇంటి మీద నాకున్న మమకారం గురించి ఫోన్లో పెద్ద ఉపన్యాసమే ఇచ్చాను. డంగుసున్నం, తాఖ్‌లు, జామచెట్టు, అన్నీ చెప్పాను. అంతా విని వాడన్నాడు: "భాయ్, నువ్వు ఏడాదికి రెండు పండగలకు వచ్చి దాలాన్‌లో చల్లగా పడుకొని పోతవ్. వాన పడితే బకెట్లు పెట్టేది నా పెళ్లాం. తేళ్లు తిరిగేది నా పిల్లల పక్కల్లో. చిన్నోనికి ఆ చెమ్మకే ఆయాసం వచ్చింది. నీకు ఆ ఇల్లు యాది. మాకు అది ఇల్లు." నా దగ్గర జవాబు లేదు. పాత గోడల అందం గురించి మాట్లాడేవాళ్లు చాలావరకు ఆ గోడల మధ్య ఉండనివాళ్లే. పధ్నాలుగేళ్లు ఎడారిలో, ఆరుగురు పడుకునే గదిలో బతికినవాడు పిల్లర్లు వేసిన ఇల్లు, బాత్రూం ఉన్న పడకగది, రోడ్డు మీదికి రెండు షట్టర్లు కోరుకుంటే తప్పని ఎవరంటారు?

పైగా సొంత ఇల్లంటే మనకు డాబు ఒక్కటే కాదు. హైదరాబాద్‌లో నేను ఇప్పటికి అయిదు ఇళ్లు మారాను. ఫోన్లో నా తెలుగు విని "వచ్చి చూసుకోండి సార్" అంటారు. వెళ్లి పేరు చెప్పగానే ఆ ఇంటివాళ్ల అబ్బాయి అమెరికా నుంచి వస్తున్నాడని అప్పటికప్పుడు తెలుస్తుంది. ఒకాయన మంచివాడు, నిజమే చెప్పాడు: "మీరైతే ఫరవాలేదండీ, పైవాళ్లు ఒప్పుకోరు." నా భాష తలుపు తీయిస్తుంది, నా పేరు మూయిస్తుంది. అందుకని ఎక్కడో ఒకచోట మనదైన గడప ఒకటి ఉండాలన్న తపన ఈ దేశంలో ముస్లింకు ఇంకాస్త ఎక్కువే. ఆ గడపను గట్టిగా, కాంక్రీటులో పోసుకోవాలని తమ్ముడు అనుకున్నాడు. అంతవరకు నేను వాడి పక్షమే.

పోయిన మే నెలలో పెంకులు దించే పని మొదలైంది. సెలవు పెట్టి వెళ్లాను. ఫాతిహా చదివించి చక్కెర పంచాం. మేస్త్రీ వడ్డెరాయన. మా అబ్బా రోజుల నుంచి తెలిసినవాడు. నిచ్చెన మీద కాలు పెట్టబోయి ఆగాడు.

"సార్, ఆడబిడ్డ రాలే?"

"ఆలేర్ల ఉంటది. పనులున్నయ్."

"చెప్పిన్రా మరి?"

"మా దాంట్ల అట్లాంటిదేం ఉండదు మేస్త్రీ."

"ఏ దాంట్లనైనా ఆడబిడ్డ ఆడబిడ్డే గద సార్" అని నిచ్చెన ఎక్కాడు.

ఆయనది ఆచారం. వాళ్లలో దర్వాజ ఎత్తేనాడు ఆడబిడ్డ ఉండాలి, కొత్తింట్లో పాలు పొంగించేనాడు ఆడబిడ్డ ఉండాలి, ఆమెకు చీర పెట్టాలి. మాకు అవి లేవు. మాకున్నది అంతకన్నా పెద్దది. కూతురికి వాటా ఇంతని ఖురాన్ లెక్క కట్టి చెప్పింది. సూరె నిసాలో కొడుకుకు రెండు వంతులైతే కూతురికి ఒక వంతు. ఆ ఒక్క వంతు ఎందుకు, సమానం ఎందుకు కాదు అని వాదించే ఆధునికులు ఉన్నారు, వాదించాలి కూడా. కాని ఆ సగమైనా ఏ ఇంట్లో ఇస్తున్నారో చూపించండి ముందు. షరియత్ జోలికి ఎవరైనా వస్తే రోడ్డు మీదికి వస్తాం. షరియత్ రాసిచ్చిన చెల్లెలి వాటా దగ్గర మాత్రం చప్పుడు చేయం.

సగం కప్పు పెంకులు దిగాయి ఆ రోజు. సాయంత్రం ఆపాకు ఫోన్ చేశాను. మెసేజీ చూసిందట. మూడు రోజులుగా జవాబు ఇవ్వలేదు.

"ఆపా, ఏమనలేదేంది?"

"మీరు అడిగిండ్రా ఏమన్నా? చెప్పిండ్రు. చెప్పిందానికి జవాబేముంటది."

నేను ప్లాను వివరించాను. కింద రెండు షట్టర్లు, కారు నిలపడానికి జాగా, పైన తమ్ముడి వాటా, ఆ పైన నా వాటా. ఓపిగ్గా విన్నది.

"అబ్బా పోయినప్పుడు నా హిస్సా మాఫ్ చేసిన, యాదికుందా?"

"ఉంది."

"నేను మాఫ్ చేసింది ఆ ఇల్లు. ఈ కొత్తిల్లు నేను మాఫ్ చెయ్యలే."

ఫోన్ పెట్టేసింది.

ఆ రాత్రి సగం కప్పు లేని ఇంట్లో, దాలాన్‌లో పడుకుని ఆకాశం చూస్తూ ఆ మాటను ఎన్ని రకాలుగా తిప్పి చూశానో. మొదట కోపం వచ్చింది. జాగా అదే కదా, ఒకసారి వదిలేసుకున్నాక మళ్లీ అడగడమేంటి అని. కాని ఆమె వదులుకున్నది ఎప్పుడు, ఎందుకోసం?

అబ్బా 2009లో పోయాడు. అమ్మీ నాలుగు నెలల పది రోజుల ఇద్దత్‌లో, తెల్ల దుపట్టాలో, లోపలి అర్రలో కూర్చుని ఉంది. చుట్టాలంతా ఉన్నారు. ఒక పెద్దమ్మ, ఎవరూ అడగకుండానే, "బేటీ, భాయియోంకో మాఫ్ కర్దే" అంది. ఆపా తల వంచుకునే "మాఫ్ కర్దీ" అంది. అందరూ మాషా అల్లా అన్నారు. అమ్మీ ఏడ్చింది. మేమిద్దరం నేల చూశాం. ఆ క్షణాన ఆమె మాఫ్ చేయనని ఉంటే? చేయననే వీలు ఆ గదిలో ఆమెకు ఉందా? వద్దనడానికి వీల్లేని చోట ఇచ్చినదాన్ని ఇచ్చినట్టు లెక్కించవచ్చా?

ఎందుకోసం అన్నది ఇంకా గట్టి ప్రశ్న. మన ఆడపిల్లలు వాటా వదులుకునేది ధర్మం తెలియక కాదు, మైకా కోసం. పుట్టింటి గడప కోసం. వాటా అడిగిన చెల్లెలికి ఈద్‌కు పిలుపు రాదు, కాన్పుకు మంచం దొరకదు, మొగుడు కొడితే వచ్చి తల దాచుకునే దిక్కుండదు. ఈ సంగతి ఎవరూ నోటితో చెప్పరు, అందరికీ తెలుసు. అంటే అది మాఫీ కాదు, బేరం. జాగా మీరుంచుకోండి, దర్వాజ మాత్రం నాకు తెరిచి ఉంచండి అని. ఆపా తన వాటా ఇచ్చి ఒక దర్వాజ కొనుక్కుంది. పదహారేళ్లుగా ఆ దర్వాజలోంచి వచ్చిపోతోంది. దాలాన్‌లో ఆమె మంచం ఒకటి గోడకు నిలబెట్టి ఉండేది. ఇప్పుడు మేం పాత టేకు కొనే ఆసామికి అమ్మజూపింది ఆ దర్వాజనే. కొత్త ప్లానులో ఆమె మంచం వేసే చోటు వెతికాను. మూడు పడకగదులకు మూడు పేర్లున్నాయి. గెస్ట్ రూం అని ఒకటుంది. ఆ ఇంటి పెంకులు తన కాజాలతో వేయించిన మనిషికి గెస్ట్ రూం.

నా వృత్తి వల్ల కూల్చివేతల వార్తలు చాలానే రాశాను. 2020 జూలైలో హైదరాబాద్‌లో పాత సచివాలయం కూల్చినప్పుడు లోపలికి మొదట పత్రికలవాళ్లను రానివ్వలేదు. లోపలున్న రెండు మసీదులు, నల్లపోచమ్మ గుడి దెబ్బతిన్నాయని తర్వాత తెలిసింది. అప్పటి ముఖ్యమంత్రి విచారం ప్రకటించారు, ప్రభుత్వ ఖర్చుతో ఇంకా విశాలంగా కట్టిస్తామన్నారు. కట్టించారు కూడా, 2023 ఆగస్టులో ప్రారంభం అయ్యాయి. కాని ఆ రోజుల్లో పాతబస్తీలో నేను మాట్లాడించిన ఒక ముసలాయన బాధ పెద్దదా చిన్నదా అన్న లెక్కలో లేదు. "ఒక్కమాట అడిగి ఉండొచ్చు కద బేటా" అన్నాడాయన. వార్తలో ఆ మాట రాశాను. జాగా చాలక తీసేశారు. నేనూ పెద్దగా పట్టించుకోలేదు.

1992 డిసెంబర్ 6న నాకు పన్నెండేళ్లు. అబ్బా దుకాణం మూసి, రేడియోలో బీబీసీ ఉర్దూ వార్తలు చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. మిషన్ మీద గుడ్డ కప్పి ఉన్న ఆ నాలుగైదు రోజులు నాకిప్పటికీ గుర్తు. ఆ కూల్చివేత చట్టాన్ని ఘోరంగా ఉల్లంఘించడమేనని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. చెప్పి, ఆ స్థలం గుడికి ఇచ్చింది, మసీదుకు వేరేచోట అయిదెకరాలు ఇమ్మంది. ఆ తర్వాత బుల్డోజర్ల కాలం వచ్చింది. నేరం మోపబడ్డవాడి ఇల్లు మర్నాటికి నేలమట్టం. చివరికి 2024 నవంబర్ 13న అదే కోర్టు, నేరారోపణ ఉందని ఇల్లు కూల్చడానికి వీల్లేదని, కూల్చాల్సివస్తే కనీసం 15 రోజుల ముందు నోటీసివ్వాలని, వాళ్ల మాట వినాలని చెప్పింది. ఆ తీర్పును అనువాదం చేసి పేజీలో పెట్టింది నేనే. మా ఆపాకు మేమిచ్చిన గడువు మూడు రోజులు.

వీటన్నిటినీ ఒకే తక్కెడలో వేస్తున్నానని అనుకోవద్దు. ఒక జాతి గుండె మీద పడ్డ గునపం వేరు, అన్నదమ్ములు చెల్లెలికో అక్కకో చెప్పకుండా పెంకులు దించడం వేరు. బరువులు వేరు. కాని నన్ను పట్టుకున్నది బరువు కాదు, మాట. "ఇంతకన్నా మంచిది కడతాం." కూల్చినవాళ్లు ఎక్కడైనా చెప్పేది ఈ మాటే. దెబ్బతిన్నవాళ్లం మనం ఆ మాటను బాగా ఎరుగుదుం. ఎరిగి ఎరిగి మన ఇళ్లలో ఆడవాళ్ల ముందు అదే మాట, అదే గొంతుతో అంటున్నాం. ముప్పై మూడేళ్లుగా మన గాయం గురించి రాస్తున్నాం, చదువుతున్నాం. ఆ గాయం మనకు ఏమైనా నేర్పిందా? నేర్పి ఉంటే అడగడమన్నా నేర్పి ఉండాలి.

అసలు మేం ఎవర్నీ అడగలేదని కాదు. పక్కింటి కాకను అడిగాం. కాక పద్మశాలి. మా తూర్పు గోడ ఇద్దరిదీ. ఒకప్పుడు వాళ్ల మగ్గమున్న అర్ర దూలాలు మా గోడ మీదనే ఆని ఉన్నాయి. పొరుగువాడు నీ గోడలో కొయ్య దిగ్గొట్టుకుంటానంటే అడ్డుపడొద్దని ప్రవక్త చెప్పినట్టు హదీసుల్లో ఉందని అబ్బా అనేవాడు. ఆ లెక్కన కాక దూలాలు హదీసు ప్రకారమే ఉన్నాయి. తమ్ముడు రియాద్ నుంచి కాకకు అరగంట వీడియో కాల్ చేసి, ఆయన దూలాలకు వేరే ఆసరా మా ఖర్చుతోనే కట్టిస్తామని ఒప్పందం చేసుకున్నాడు. మంచి పని. కాని ఎందుకు చేశాం? కాక ఒప్పుకోకపోతే మున్సిపాలిటీకి పోతాడని, ఊర్లో అది ఇంకో రంగు పులుముకుంటుందని. అంటే భయం ఉన్నచోట అడిగాం. ప్రేమ ఉన్నచోట చెప్పి ఊరుకున్నాం.

ఆ గోడలో ఒకప్పుడు చిన్న దర్వాజ ఉండేది. కూరగిన్నెలు అటూ ఇటూ పోయేవి. 92 డిసెంబర్‌లో ఇటుకలు పెట్టి మూసేశారు. మీరే మూసిండ్రని కాక అంటాడు. వాళ్లే మూశారని అమ్మీ చనిపోయేదాకా అన్నది. ఆ ఇటుకలు ఇప్పుడు పూత ఊడి బయటపడ్డాయి. కాక వాటిని చూసి ఏమీ అనలేదు గాని, వాటాల సంగతి తెలిసి నవ్వాడు. వాళ్లలో ఆడపిల్లలకు సమాన హక్కు మన రాష్ట్రంలో 1986లోనే చట్టమైంది, 2005లో దేశమంతటికీ వచ్చింది. కాక బిడ్డలిద్దరూ సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకు వచ్చి హక్కు వదులుకున్నట్టు సంతకాలు పెట్టారు. చెరొక పట్టుచీర పెట్టారట. గోడకు ఇటు మాఫీ, అటు పట్టుచీర.

కూల్చి కట్టడం మన చరిత్రకు కొత్త కాదు. కాబానే కూల్చి కట్టారు. ఇస్లాం రాకముందు, ప్రవక్తకు ముప్పై అయిదేళ్ల వయసులో, వరదకు దెబ్బతిన్న కాబాను ఖురైషీలు తిరిగి కట్టదలిచారు. మొదటి గునపం వేయడానికి జంకారు. ఒకాయన ముందుకొచ్చి కొంత పడగొడితే, అతనికేమైనా అవుతుందేమోనని మిగిలినవాళ్లు రాత్రంతా వేచి చూశారట. నల్లరాతిని పెట్టే గౌరవం కోసం తెగలు కత్తులు దూసే దాకా వస్తే, ముహమ్మద్ సల్లల్లాహు అలైహి వసల్లం ఒక గుడ్డ పరిచి రాతిని అందులో ఉంచి అన్ని తెగల పెద్దలతో అంచులు పట్టించారు. ఈ కథ మన పిల్లలందరికీ వచ్చు. ఎక్కువ చెప్పుకోనిది ఇంకోటుంది. ఆ కట్టడానికి మచ్చలేని సొమ్మే వాడాలని, వడ్డీ సొమ్ము, అన్యాయంగా లాక్కున్న సొమ్ము రావద్దని ఖురైషీలు నియమం పెట్టుకున్నారు. అట్లాంటి సొమ్ము చాల్లేదు. చాలకపోతే ఏం చేశారు? కట్టడాన్ని తగ్గించుకున్నారు. కొంత భాగాన్ని గోడ బయటే వదిలేశారు. హజ్జుకు పోయినవాళ్లు ఇప్పటికీ చూసే ఆ అర్ధచంద్రాకారపు చిన్న గోడ, హతీం, అదే.

తర్వాత మక్కా చేతికొచ్చి, అధికారం ఉండి కూడా ప్రవక్త దాన్ని ఇబ్రాహీం పునాది మీద తిరిగి కట్టించలేదు. కొత్తగా విశ్వాసంలోకి వచ్చినవాళ్ల మనసు కలుక్కుమంటుందని ఆగినట్టు హజ్రత్ ఆయిషా చెప్పారు. మదీనాలో మసీదు కట్టిన జాగా ఇద్దరు అనాథ పిల్లలది, ఖర్జూరాలు ఆరబెట్టుకునే కళ్లం. ఊరికే ఇస్తామన్నా తీసుకోక వెల కట్టి ఇచ్చారు. ఊరికే ఇస్తామన్నా, అన్నచోట నేను ఆగిపోయాను. ఇస్తామన్నవాళ్లు బలహీనులైతే ఆ ఇవ్వడాన్ని నమ్మకూడదనే కదా. మాఫ్ కర్దీ అన్నప్పుడు నేల చూసిన మేమిద్దరం ఈ కథను ఎన్ని బయాన్లలో విని తలలూపామో. సొంత గొప్పలు చెప్పుకుంటున్నానని అనుకోకుండా ఇదీ చెప్పాలి: అదే మక్కాలో 2002లో ఉస్మానియా కాలపు అజ్యాద్ కోటను నేలమట్టం చేసి ఆకాశమంత హోటళ్లు లేపారు. అడగకుండా కూల్చే జబ్బుకు మతం లేదు.

మా మసీదు మౌల్వీ సాబ్‌ను కలిశాను. ఆయన చాలా మామూలుగా చెప్పారు. "వాటా ఆమె చేతికిచ్చారా? ఆమె తీసుకుని, కొన్నాళ్లుంచుకుని, తన ఇష్టంతో తిరిగి ఇచ్చిందా? చేతికే రానిదాన్ని ఆమె ఎట్లా ఇస్తుంది?" కాగితం మీద లెక్క వేశారు. అబ్బా పోయినప్పుడు అమ్మీది ఎనిమిదో వంతు, 30 గజాలు. మిగిలిన 210లో అయిదు వంతులకు ఆపాది ఒక వంతు, 42 గజాలు. 2017లో అమ్మీ పోయింది. ఆమె 30లో ఆపాకు 6. మొత్తం 48. "ఆ ఆరింటి గురించి ఎవరన్నా అడిగారా?" అన్నారు. ఎవరం అడగలేదు. మాఫీ చెప్పించడం కూడా మర్చిపోయాం.

తమ్ముడికి ఫోన్ చేసి ఖురైషీల నియమం చెప్పాను. నీ రియాళ్లు మచ్చలేనివే, నీ చెమట నాకు తెలుసు. జాగాలోనే 48 గజాలు మనవి కావు. ఇస్తే ఇద్దాం, లేదా వెల కట్టి ఆమె చేతిలో పెడదాం. రెండూ చేయలేకపోతే ఇస్లాం రాకముందటి ఖురైషీలు చేసినంతైనా చేద్దాం, ఆ 48 గజాలు గోడ బయట వదిలేసి కడదాం. చాలాసేపు మాట్లాడలేదు. ఏసీ చప్పుడు వినిపించింది.

"ఏ 48?" అన్నాడు.

ఆపాను కూడా కాల్‌లోకి తెచ్చాం. రోడ్డువైపు అన్నది. అక్కడ షట్టర్లొస్తాయి, వాటి కిరాయితోనే లోను కట్టాలి, వెనక మోరీ పక్కన తీసుకో ఆపా అన్నాడు వాడు. ఆపా గొంతు పెంచలేదు. "అబ్బా మిషన్ యాడుండెనో ఆడ" అన్నది. తనకు ఒక షట్టరు కావాలి, అందులో మిషన్ వేసుకుంటుంది, వెనక ఒక మంచం పట్టేంత అర్ర ఉంటే చాలు, ఆలేరులో కిరాయి కట్టలేకపోతోంది. ఆరేళ్లలో ఒక్కసారి కూడా మాకు ఈ మాట చెప్పలేదు. చెప్పేందుకు మేం అడిగి ఉండాలి. వాడు కోపంగా పెట్టేశాడు. వారం తర్వాత ఇంజినీరుకు ఫోన్ చేసి ప్లాను మార్చమన్నాడట. ఇంజినీరు రెండుసార్లు మార్చాడు. రెండూ వాడికి నచ్చలేదు. మేస్త్రీ ప్రతి శుక్రవారం ఫోన్ చేసి అడుగుతున్నాడు, ఆయనకూ వేరే పనులున్నాయి.

మధ్యలో మరదలు ఫోన్ చేసింది. ఇన్నాళ్లలో ఆమె నాకు నేరుగా ఫోన్ చేయడం అదే మొదలు. ఆపా మీద ఫిర్యాదు అనుకున్నాను. "భాయ్‌జాన్, మౌల్వీ సాబ్ లెక్క ఎట్ల వేసిండ్రు? మా భువనగిరి ఇల్లు 300 గజాలు. అమ్మీ, అబ్బా ఇద్దరూ లేరు. ఇద్దరన్నలు, మేం ముగ్గురక్కచెల్లెళ్లం" అంది. ఏడు వంతులు చేసి చెప్పాను, దగ్గర దగ్గర 43 గజాలు. కాసేపు ఆగి, మీ తమ్మునితో అనొద్దు అంది.

సగం కప్పు లేని ఇంటి మీద నీలం టార్పాలిన్ కప్పి ఉంది. మొన్న రాత్రి గాలివానకు ఒక మూల తాడు తెగి దాలాన్‌లోకి నీళ్లొచ్చాయి. ఆదివారం వచ్చి కట్టిపోమ్మని మరదలు చెప్పింది. ఆపా కూడా వస్తోందట, మంచి నవారు తాడు ఆలేరులో దొరికిందట, తెస్తానన్నదట.